పద్దులో ఉంది... పడక దగ్గరికి రాలేదు!

ఇంటికి నెల సరుకులు తెచ్చుకోవడం చూడ్డానికి చిన్న పనే. కానీ అందులో ఎంత లెక్క ఉంటుందో ఇల్లాలిని అడిగితే తెలుస్తుంది. ఏది ఎంత మిగిలింది, ఏది ఎప్పటికి అయిపోతుంది, ఏ కొట్లో ఏది చవక, చవకని తెస్తే ఇంట్లోవాళ్లు తింటారా తినరా... అన్నీ ఆమె వేళ్ల మీద ఉంటాయి. డబ్బా అడుగు కనిపించకముందే చీటీలోకి కందిపప్పు చేరిపోతుంది. తెచ్చి, వండి, కంచంలో వడ్డించాకే ఆమె దృష్టిలో ఆ పని పూర్తయినట్టు. కొట్టువాడికి డబ్బులిచ్చి రశీదు జేబులో పెట్టుకున్నంత మాత్రాన ఎవరి కడుపూ నిండదు కదా!

ఆ ఇల్లాలి పనినే ఒక ప్రభుత్వం నెత్తిన వేసుకుంటే? అదీ ఒక ఇంటికి కాదు... దాదాపు 170 పెద్దాసుపత్రులకు, వెయ్యికి పైగా క్లినిక్కులకు. అక్కడికి వచ్చేవాళ్లు సైన్యంలో పనిచేసి తిరిగొచ్చినవాళ్లు. ఒకరికి కాలు లేదు. ఒకరికి చెవులు వినపడవు. ఇంకొకరికి కిడ్నీలు పాడయ్యాయి. అమెరికాలో మాజీ సైనికుల శాఖ చేస్తున్న పని ఇదే. ఆ శాఖ వైద్యం కోసం పేర్లు నమోదు చేసుకున్నవాళ్లే దాదాపు 90 లక్షల మంది. దూది ఉండ దగ్గర్నుంచి స్కానింగ్ మిషన్ దాకా వాళ్ల కోసం కొనాల్సింది ప్రభుత్వమే.

డబ్బుకు కొదవలేని దేశం. మాజీ సైనికుడంటే ప్రాణం పెట్టే దేశం. అయినా ఈ ఒక్క పనిలో వందేళ్లుగా తడబడుతూనే ఉంది. దొంగలే కారణమా అంటే... ఉన్నారు కానీ కొద్దిమందే. మిగతాదంతా మంచి ఉద్దేశాలు, మంచి నిబంధనలు, మంచి మనుషులే. మరి తేడా ఎక్కడొచ్చింది?

మాట ఇచ్చిన దేశం

1865 మార్చిలో, అంతర్యుద్ధం ఇక ముగిసిపోతుందనగా, అబ్రహాం లింకన్ రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ రోజు ప్రసంగంలో దేశం తరఫున ఒక మాట ఇచ్చాడు. యుద్ధభారం మోసినవాణ్ని, అతను పోతే అతని భార్యనీ, పిల్లల్నీ చూసుకునే బాధ్యత మనదేనని. 1959లో ఆ మాటనే మాజీ సైనికుల సంస్థ తన ఆదర్శవాక్యంగా పెట్టుకుంది. సైన్యంలో ఆడవాళ్లూ ఉన్నారు కదా అని, అందరికీ వర్తించేలా 2023లో దాన్ని తిరగరాశారు.

మాట గొప్పదే. కానీ మాట ఉత్తినే గాలిలో ఉంటే రోగికి ఏం లాభం? ఆ మాట ఒక వస్తువుగా మారాలి. నడవలేనివాడికి చక్రాల కుర్చీగా, కాలు పోయినవాడికి కృత్రిమ కాలుగా, ఊపిరాడనివాడికి ఆక్సిజన్ సిలిండర్‌గా మారి అతని దగ్గరకు చేరాలి. అక్కడిదాకా వెళ్లకపోతే అది సభలో చెప్పే మాటగానే మిగిలిపోతుంది.

సైన్యంలో పనిచేసినవాళ్లలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. వరుసలో నిలబడమంటే నిలబడతారు. రేపు రమ్మంటే రేపే వస్తారు. నోరు తెరిచి గొడవ చేయరు. ఆ క్రమశిక్షణ యుద్ధంలో దేశానికి మేలు చేసింది. ఆసుపత్రిలో మాత్రం అదే ఆయనకు శాపం. అడగనివాడికి అందలేదన్న సంగతి పైవాళ్లకు ఎలా తెలుస్తుంది?

గోదాము ఖాళీ చేసిన పెద్దమనిషి

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. గాయాలతో, గ్యాసు పీల్చి పాడైన ఊపిరితిత్తులతో, క్షయతో సైనికులు ఇళ్లకు చేరారు. వాళ్ల వ్యవహారాలన్నీ ఒకచోట చూడడానికి 1921 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఒక బ్యూరో పెట్టింది. దానికి మొదటి అధిపతిగా అధ్యక్షుడు హార్డింగ్ తన స్నేహితుడు చార్లెస్ ఫోర్బ్స్‌ను నియమించాడు. ఆయన బయటివాడేం కాదు. అదే యుద్ధంలో పనిచేసి పతకం అందుకున్నవాడు. సైనికుడి కష్టం సైనికుడికి తెలియదా అని అందరూ అనుకున్నారు.

మేరీలాండ్ రాష్ట్రంలో పెర్రీవిల్ అనే చోట ప్రభుత్వ గోదాములు ఉండేవి. ఆసుపత్రులకు కావలసిన దుప్పట్లు, తువ్వాళ్లు, బ్యాండేజీ గుడ్డ వగైరా అక్కడ గుట్టలుగా ఉండేవి. ఫోర్బ్స్ వాటిని 'అవసరానికి మించిన సరుకు'గా లెక్కగట్టి, కారుచవకగా ఒక కంపెనీకి అమ్మేయించాడు. ఆసుపత్రుల్లో సైనికులకు అవసరమైన సరుకే లారీల్లో, రైలు పెట్టెల్లో బయటికి పోయింది.

విషయం బయటపడింది. 1923లో ఫోర్బ్స్ రాజీనామా చేశాడు. సెనేట్ విచారణ జరిపింది. ఆసుపత్రుల నిర్మాణ కాంట్రాక్టుల్లో ప్రభుత్వాన్ని మోసగించేందుకు కుట్ర పన్నాడని 1925లో కోర్టు తేల్చింది. రెండేళ్ల జైలు, పది వేల డాలర్ల జరిమానా.

దొంగ పట్టుబడ్డాడు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ ప్రభుత్వాల్లో అలా జరగదు. ఒక దొంగ పోతే పది తాళాలు వస్తాయి. ఇలాంటి కుంభకోణం బయటపడ్డ ప్రతిసారీ ఒక కొత్త నిబంధన, ఒక కొత్త సంతకం. ఆ తాళాలు అవసరమే, ఎవరూ కాదనరు. అయితే తాళం దొంగకీ వేస్తారు, నర్సుకీ వేస్తారు. అర్ధరాత్రి వార్డులో సరుకు కావాల్సిన నర్సుకు తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియాలి కదా!

పైగా ప్రభుత్వం ఒక్క లక్ష్యంతో కొనదు. చవకగా కొనాలి. అందరికీ అవకాశం ఇచ్చి కొనాలి. చిన్న వ్యాపారులను నిలబెట్టేలా కొనాలి. 2006లో వచ్చిన ఒక చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. మాజీ సైనికులే నడిపే చిన్న సంస్థలు రెండైనా సరైన ధరకు టెండరు వేస్తాయనుకుంటే, ఆ కాంట్రాక్టు వాళ్లకే కేటాయించాలంది. దానిలోంచి ఆ శాఖ మినహాయింపులు వెతుక్కుంటుంటే వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టంలో రాసినట్టు చేసి తీరాల్సిందేనని 2016 జూన్‌లో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా చెప్పారు. మాజీ సైనికుడికి మందుతో పాటు ఉపాధి కూడా ఇవ్వాలన్నది ఎంత మంచి ఆలోచన! ఒక్కొక్కటిగా చూస్తే ఏ నిబంధననూ తప్పుపట్టలేం. అన్నీ కలిసి ఒకే ఫైలు మీద కూర్చుంటేనే ఆ ఫైలు కదలదు.

కారు అద్దెకిచ్చే కంపెనీ దగ్గర దొరికిన ఉపాయం

ఈ ఆసుపత్రుల్లో చేతకానివాళ్లు ఉన్నారనుకుంటే పొరపాటు. గుండెను సరిగ్గా కొట్టుకునేలా చేసే పేస్‌మేకర్‌ను శరీరంలోనే అమర్చుకునేలా తయారుచేయడంలో బఫెలో నగరంలోని మాజీ సైనికుల ఆసుపత్రి సర్జన్ల చెయ్యి ఉంది. విలియం చార్డాక్, ఆండ్రూ గేజ్ అనే ఆ సర్జన్లు, విల్సన్ గ్రేట్‌బ్యాచ్ అనే ఇంజినీరుతో కలిసి 1960 నాటికి దాన్ని రోగికి అమర్చేదాకా తీసుకెళ్లారు.

ఇంకో ముచ్చట ఉంది. కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో సూ కినిక్ అనే నర్సు ఇలాంటి ఆసుపత్రిలోనే పనిచేసేది. 1990ల మొదట్లో ఒకసారి ఆమె అద్దె కారు తిరిగి అప్పగిస్తోంది. అక్కడి ఉద్యోగి చేతిలో చిన్న మిషను. దాన్ని కారు మీది గీతల చీటీకి చూపించాడు. క్షణంలో లెక్క తేలిపోయింది. కారుకే ఇంత జాగ్రత్త ఉంటే, రోగికిచ్చే మందుకు ఎందుకు ఉండకూడదు అనిపించింది ఆమెకు. రోగి చేతికి కట్టిన పట్టీ మీద గీతలు, మందు పొట్లం మీద గీతలు. రెండూ సరిపోతేనే మందు ఇవ్వాలి. ఆ ఆలోచన టొపీకాలో మొదలై, 2000 సంవత్సరం వచ్చేసరికి దేశంలోని మాజీ సైనికుల ఆసుపత్రులన్నిటికీ పాకింది. ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చే పొరపాట్లకు అడ్డుకట్ట పడింది.

ఆ ఉపాయం పుట్టింది ఢిల్లీలాంటి ఏ రాజధానిలోనో కాదు. మంచం పక్కన నిలబడే మనిషి బుర్రలో! ఈ సంగతి గుర్తుంచుకుంటే, ఆ తర్వాత జరిగినవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అంగుళం ముక్క... పది వేల ఉత్తరాలు

2009లో పది వేల మందికి పైగా మాజీ సైనికుల ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. టెనెసీలోని మర్‌ఫ్రీస్‌బరో, జార్జియాలోని ఆగస్టా, ఫ్లోరిడాలోని మయామి ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ లాంటి పరీక్షలు చేయించుకున్నవాళ్లు వాళ్లు. పరికరాలు సరిగ్గా శుభ్రం కాలేదని, దయచేసి వచ్చి హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించుకోండని ఆ ఉత్తరాల్లో ఉంది.

ఆ ఉత్తరం అందుకున్న ఇల్లు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అరవై డెబ్బై ఏళ్ల మనిషి. కొలనోస్కోపీ చేయించుకోమని ఆ ఆసుపత్రి డాక్టరే చెప్పాడు. ఇప్పుడు భార్య ముఖం చూసి ఈ ఉత్తరం చదవాలి.

జరిగిందేమిటి? ఖరీదైన పరికరాలే కొన్నారు. కానీ మర్‌ఫ్రీస్‌బరోలో పరికరానికి బిగించాల్సిన చిన్న కవాటం తప్పుది బిగించారు. నీళ్లు ఒకవైపే పోవాల్సిన చోట వెనక్కి కూడా వచ్చే రకం పెట్టారు. మయామిలో నీటి గొట్టాన్ని రోగికీ రోగికీ మధ్య క్రిమిరహితం చేయకుండా కడిగి ఊరుకున్నారు. పరీక్షల్లో కొందరికి వ్యాధులు ఉన్నట్టు తేలింది. అవి ఈ పరికరాల వల్లే వచ్చాయని మాత్రం రుజువు కాలేదు. ఆ ఏడాది మేలో తనిఖీ అధికారులు చెప్పకుండా కొన్ని ఆసుపత్రులకు వెళ్లి చూశారు. శుభ్రపరిచే పద్ధతి రాతపూర్వకంగా ఉండి, సిబ్బందికి శిక్షణ ఇచ్చినట్టు దాఖలా కూడా ఉన్నవి సగం కూడా లేవు.

మిషన్ కొన్నారు. మిషన్‌తో పాటు దాన్ని కడిగే పద్ధతిని, నేర్పే మనిషిని కొనలేదు. టెండరు కాగితంలో ఆ గడి లేదు మరి!

చెవి మిషన్ నేర్పిన పాఠం

అన్నీ ఇలాంటివేనా? కాదు. అదే శాఖ భేషుగ్గా చేసిన కొనుగోలు ఒకటుంది. తుపాకుల మోత, ఫిరంగుల మోత, విమాన ఇంజిన్ల రొద మధ్య ఏళ్లు గడిపినవాళ్లకు చెవులు దెబ్బతినడం మామూలే. చెవిలో నిరంతరం హోరు, వినికిడి తగ్గడం... సైనిక సేవ వల్ల వచ్చినట్టు ఆ శాఖ గుర్తించిన వైకల్యాల్లో ఇవే ముందు వరుసలో ఉంటాయి. అందుకే అమెరికాలో అమ్ముడయ్యే చెవి మిషన్లలో దాదాపు అయిదోవంతు ఈ ఒక్క శాఖే కొంటుంది.

డెన్వర్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. పెద్ద తయారీ కంపెనీలతో దేశమంతటికీ కలిపి ఒకే బేరం. పది మంది విడివిడిగా వెళ్తే ఒక ధర, లక్షల మంది తరఫున ఒకరే వెళ్తే ఇంకో ధర. 2014 నాటికి బజారులో ఒక్కో చెవి మిషన్ సగటున 2,300 డాలర్ల పైనే పలికేది. అందులో పరీక్షలు, అమరిక ఖర్చులూ కలిసే ఉంటాయనుకోండి. ఈ శాఖకు మిషన్ మాత్రం 400 డాలర్ల లోపే పడేది. చవకగా కొని నాసిరకం అంటగట్టలేదు. ఏ కంపెనీది, ఏ రకం అన్నది సైనికుణ్ని పరీక్షించిన నిపుణుడే ఎంచుకుంటాడు. బేరం కేంద్రానిది, ఎంపిక వైద్యుడిది. బ్యాటరీలు పోస్టులో ఇంటికే వస్తాయి.

అంతా బాగుంది కదా! 2014 ఫిబ్రవరిలో తనిఖీ విభాగం నివేదిక వచ్చింది. రిపేరు కోసం డెన్వర్‌కు వచ్చిన పొట్లాలు దాదాపు 19,500 విప్పకుండా పడి ఉన్నాయని అందులో ఉంది. అయిదు రోజుల్లో చేయాల్సిన రిపేరుకు రెండున్నర, మూడు వారాలు పడుతోంది. కొత్త మిషన్లలో కూడా 30 శాతం ఆసుపత్రికి వచ్చాక నెల దాటితే గానీ సైనికుడి చెవికి చేరలేదు.

పొట్లమంటే అట్టపెట్టె కాదు. ఒక్కో పొట్లంలో ఒక పెద్దాయన నిశ్శబ్దం ఉంది. మనవడు ఫోన్లో ఏదో చెబుతున్నాడు, వినపడదు. భార్య వంటింట్లోంచి పిలుస్తోంది, వినపడదు. భోజనాల బల్ల దగ్గర అందరూ నవ్వితే ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాలి. ప్రపంచంలోనే గొప్ప బేరం ఆడిన శాఖ, ఆ ఆఖరి అడుగు దగ్గర అలసిపోయింది.

అడగకుండా రాసిన చీటీ

చెవి మిషన్ విషయంలో వైద్యుడి మాటకు విలువిచ్చిన శాఖే, తర్వాత రెండేళ్లకు ఆ పాఠం మర్చిపోయింది. చేతి తొడుగులు, సూదులు, కట్టు గుడ్డలు లాంటి రోజువారీ సరుకు కోసం 2016 డిసెంబరులో కొత్త ఏర్పాటు మొదలుపెట్టింది. అన్ని ఆసుపత్రులూ ఒకే జాబితాలోంచి తెప్పించుకోవాలి. దానివల్ల ధర తగ్గుతుంది. ఆలోచన సబబే. కానీ ఆ జాబితా తయారుచేసేటప్పుడు వాటిని రోజూ వాడే డాక్టర్లనూ, నర్సులనూ సరిగ్గా అడగలేదు. వాళ్లకు కావలసినవి చాలా అందులో లేవు. దాంతో ఆసుపత్రులు ఆ జాబితా పక్కన పెట్టి పాత దారుల్లోనే కొనుక్కున్నాయి. మన కాగ్‌లా అక్కడి కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ 2017 నవంబరులో ఈ సంగతి బయటపెట్టింది.

ఇంట్లో వంట చేసేవాళ్లను అడగకుండా చీటీ రాస్తే ఏమవుతుంది? మళ్లీ పక్క సందులో కొట్టుకు పరుగెత్తాల్సి వస్తుంది. అక్కడ బేరం ఉండదు. అడిగినంత ఇవ్వాల్సిందే.

రాజధానిలోనే...

2017 ఏప్రిల్. అమెరికా అధ్యక్షుడు ఉండే వాషింగ్టన్ నగరంలోని మాజీ సైనికుల ఆసుపత్రి. విచారణ పూర్తికాకముందే తనిఖీ విభాగం ఒక మధ్యంతర నివేదిక విడుదల చేసింది. అలా చేయడం అరుదు. ఆగితే రోగులకు ప్రమాదమని అనిపించడంవల్లే అంత తొందర.

డయాలసిస్‌లో రోగి రక్తాన్ని మిషన్‌లోకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చే గొట్టాలు అయిపోయాయి. పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రిని అడిగి బదులు తెచ్చుకుంటే తప్ప ఆ రోజు డయాలసిస్ నడవలేదు. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో ముక్క తీసే పరికరాలు లేక నలుగురికి ప్రొస్టేట్ బయాప్సీలు రద్దు చేశారు. క్రిమిరహితంగా ఉండాల్సిన సరుకు గదులు 25 చూస్తే 18 మురికిగా ఉన్నాయి. పదిహేను కోట్ల డాలర్లకు పైగా విలువైన సామగ్రికి ఏడాదిగా లెక్క చూసినవాళ్లు లేరు.

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవాలి. సరుకు లేక కాదు ఈ కరువు. గోదాములో ఏముందో వార్డుకు తెలియదు. వార్డులో ఏది అయిపోతోందో కొనేవాళ్లకు తెలియదు. మందు పొట్లానికి గీతల చీటీ అంటించి ప్రపంచానికి దారిచూపిన సంస్థలోనే, డయాలసిస్ గొట్టం ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు.

2018 మార్చిలో పూర్తి నివేదిక వచ్చింది. అందులో ఒక లెక్క చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. ఇళ్ల దగ్గర రోగులు వాడుకునే మంచాలు మూడింటిని అద్దెకు తెచ్చారు. కొంటే సుమారు 21 వేల డాలర్లతో పోయేది. అద్దె మాత్రం ఎనిమిది లక్షల డాలర్లు దాటింది. ఎవరూ దోచుకోవాలని మొదలుపెట్టింది కాదేమో. కొనాలంటే సంతకాలు చాలా కావాలి, అద్దెకైతే పని త్వరగా అవుతుంది. తర్వాత బిల్లు వస్తుంటుంది, చెల్లిస్తుంటారు. గుర్తుపెట్టుకుని ఆపే మనిషి ఉండడు. తాళాలు ఎక్కువైన ఇంట్లో కిటికీలోంచి రాకపోకలు మొదలవడమంటే ఇదే!

ఇంత జరిగినా పెద్ద ప్రమాదాలు తప్పాయంటే కారణం అక్కడి సిబ్బందే. ఫోన్లు చేసి, పక్క ఆసుపత్రికి పరుగెత్తి, బతిమాలి తెచ్చుకున్నారు. అది వాళ్ల మంచితనం. కానీ సిబ్బంది మంచితనం మీద ఆధారపడే వ్యవస్థను వ్యవస్థ అనొచ్చా? ప్రపంచానికి ఆ కొసన ఉన్న యుద్ధభూమికి తూటాలు, రొట్టెలు వేళకు చేరవేసిన దేశం... ఆ యుద్ధం చేసొచ్చినవాడి మంచం దగ్గరికి ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని చేరవేయలేకపోయింది!

2019లో జీఏఓ ఈ శాఖ కొనుగోళ్ల నిర్వహణను 'ప్రమాదం ఎక్కువున్న' వ్యవహారాల జాబితాలో చేర్చింది. మరుసటేడు కరోనా వచ్చింది. మాస్కులకు కటకట. అరవై లక్షల మాస్కులు ఇస్తానన్న ఒక వ్యాపారితో ఈ శాఖ 3 కోట్ల 45 లక్షల డాలర్లకు ఒప్పందం రాసుకుంది. అతని దగ్గర మాస్కులే లేవు. సరుకు అందలేదు కాబట్టి డబ్బు చెల్లించలేదు, అంతవరకు నయం. అతను 2021లో నేరం ఒప్పుకుని జైలు శిక్షకు గురయ్యాడు. ఫోర్బ్స్ పదవి వదిలి వందేళ్లు దాటినా, కంగారులో కొనేవాడి పక్కన ఎవరో ఒకరు కాచుకునే ఉంటారు. అందుకే రోజూ లెక్క చూసుకోవాలి. ముందుచూపుతో కొనేవాడికి కంగారు ఉండదు.

ఇక్కడి సంగతి

మన దేశంలో మాజీ సైనికుల వైద్యానికి వేరే దారి ఎంచుకున్నారు. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కింద 400కు పైగా పాలీక్లినిక్కులు, సైనిక ఆసుపత్రులు, ఒప్పందం కుదుర్చుకున్న ప్రైవేటు ఆసుపత్రులు వాళ్లకు వైద్యం చేస్తాయి. తెలుగు ఊళ్లలో సైన్యానికి కొడుకుల్ని పంపిన ఇళ్లకు ఆ కార్డు విలువ బాగా తెలుసు. పాలీక్లినిక్కులో మందు లేకపోతే దగ్గర్లో గుర్తింపు ఉన్న మందుల షాపులో తెప్పించే ఏర్పాటు కూడా పెట్టారు. 'లేదు' అనే మాట వస్తుందని ముందే ఊహించి, దానికో దారి చూపడం తెలివైన పనే.

మామూలు సర్కారు ఆసుపత్రుల్లో పరికరాల సంగతి చూస్తే పోలిక ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 2015లో కేంద్రం వైద్య పరికరాల నిర్వహణకు ఒక కార్యక్రమం తెచ్చింది. అప్పటి లెక్కల ప్రకారం, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయడం లేదు. కొన్నారు, బిల్లు చెల్లించారు, పద్దులో రాశారు. మిషన్ మాత్రం గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంది. టొపీకా అయినా తెనాలి అయినా, రోగికి పద్దుతో పనేముంది?

ఆఖరి గడి

అవినీతిని ఆపడానికి ఎన్ని నిబంధనలైనా పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. అయితే ఇన్నేళ్ల అనుభవం చెప్పేది ఒకటే. ఫైళ్లలో ధర ఎంత, ఎవరు తక్కువకు వేశారు, ఎవరు సంతకం పెట్టారు అన్నవాటికి గడులున్నాయి. ఎప్పుడు చేరింది, ఎవరికి చేరింది, పనిచేస్తోందా అన్నవాటికి గడి లేదు. ఉన్నా అది ఖాళీగానే ఉంటోంది. బిల్లు చెల్లించగానే ఫైలు మూసేస్తారు. రోగి నిరీక్షణ అప్పుడే మొదలవుతుంది.

చెవి మిషన్ దక్కించుకున్న విజయం వెనక గొప్ప రహస్యమేం లేదు. బేరం ఒకచోట ఆడారు, ఎంపిక మంచం పక్కనున్నవాళ్లకు వదిలారు. అది ఓడిపోయిన చోటు కూడా అందరికీ కనిపించేదే. వచ్చిన పొట్లం మీద వచ్చిన తేదీ రాసుకోలేదు. తేదీ రాయడానికి కోట్లు ఖర్చు కావు. ఒక పెన్ను, అడిగే ఒక మనిషి ఉంటే చాలు.

కొనుగోలు కాగితం మీద ఆఖరి సంతకం గుమాస్తాదీ, పై అధికారిదీ కాకుండా వార్డు నర్సుదో, రోగిదో అయితే ఎలా ఉంటుంది? 'అందింది, పనిచేస్తోంది' అని రెండు ముక్కలు రాసి, తేదీ వేసి, కింద ఆ పెద్దాయన పేరు. అది పడేదాకా ఫైలు మూయకూడదని ఒక్క నిబంధన పెడితే, మిగతా నిబంధనల్లో ఏవి అవసరమో ఏవి కావో వాటంతటవే తేలిపోతాయి.